ఇంతింతై పద్యంలో సూర్యుడి తర్వాత చంద్రుడా? మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఏం చెప్పాలి

పల్నాటి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. మూడో తరగతి అయిపోయింది. వేసవి సెలవులని హైదరాబాద్ నుంచి నరసరావుపేట, మా నాన్న దగ్గరికి తీసుకొచ్చాను. నాన్నకి పద్యాలంటే ప్రాణం. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి, నవారు మంచం వాల్చి, మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని రోజూ ఒక పద్యం చెప్తున్నారు. పిల్లకి తెలుగు చదవడం ఇంకా కూడబలుక్కోవడమే గానీ, చెవిన పడింది మాత్రం ఇట్టే పట్టేస్తుంది.

మొన్న పోతన గారి వామనావతారం పద్యం ఎత్తుకున్నారు.

ఇంతింతై, వటుఁ డింతయై, మఱియుఁ దా నింతై, నభోవీథిపై
నంతై, తోయదమండలాగ్రమున కల్లంతై, ప్రభారాశిపై
నంతై, చంద్రుని కంతయై, ధ్రువునిపై నంతై, మహర్వాటిపై
నంతై, సత్యపదోన్నతుం డగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై.

ఒక్కో "అంతై" దగ్గర నాన్న చెయ్యి ఒక్కో మెట్టు పైకి లేపుతూ చదివారు. మబ్బుల దాకా, వెలుగుల కుప్ప దాకా, చంద్రుడి దాకా, ధ్రువుడి దాకా. పిల్ల కూడా మంచం మీద లేచి నిలబడి చెయ్యెత్తింది. రెండోసారి చదువుతుంటే చంద్రుడి దగ్గర ఆగిపోయింది.

"తాతయ్యా, ప్రభారాశి అంటే సూర్యుడే కదా? సూర్యుడు చాలా దూరం, చంద్రుడు దగ్గర అని మా మిస్ చెప్పింది. మరి వామనుడికి ముందు చంద్రుడు తగలాలి కదా? సూర్యుడి దాకా వెళ్లి మళ్లీ కిందకి వచ్చాడా?"

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెద్దలు చెప్పినదాన్ని అట్లా ప్రశ్నించకూడదు తల్లీ, ముందు పద్యం పూర్తి చెయ్యి" అన్నారు. కసురుకోలేదు, మెల్లగానే అన్నారు. పిల్ల పద్యం పూర్తి చేసింది. రాత్రి పడుకోబోతూ నా చెవిలో, "అమ్మా, నేను అడిగింది తప్పా?" అంది. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అంతకు ముందు నాన్న జాషువా గారి సాలీడు పద్యం చెప్పారు. ఆయనది మా పక్క వినుకొండే కాబట్టి మా ఇంట్లో ఆయన పద్యాలు నిత్యం వినపడతాయి. నీ కడుపులో నూలు తీసే మర లేదు, రాట్నం లేదు, ఇంత సన్నటి బట్ట ఎట్లా నేస్తున్నావు అని కవి సాలీణ్ణి అడుగుతాడు కదా. మా పిల్ల వెంటనే "మర లేకపోతే పోయింది, మరి పత్తి ఎక్కడిది?" అని పట్టుకుంది. దానికి నాన్న ఎంత మురిసిపోయారంటే, వీధి అరుగుల మీద కూర్చున్న వాళ్లందరికీ చెప్పుకొచ్చారు. సాలీడు గురించి అడిగితే మురిసిన మనిషి, చంద్రుడి గురించి అడిగితే ఎందుకు ఆపారు? దేవుడి పద్యం కాబట్టి ఆపారని నాకూ తెలుసు. ఆ తేడా ఎనిమిదేళ్ల పిల్లకి ఎట్లా చెప్పను?

నా పిల్లకి ఆ పద్యం మీద ఇష్టం పోకూడదు. అడగడం మీద భయం పుట్టకూడదు. నాన్న మనసూ కష్టపడకూడదు. తెలిసినవాళ్లు దారి చెప్పండి. చంద్రుడి ప్రశ్నకే కాదు, పత్తి ప్రశ్నకీ పిల్లకి అర్థమయ్యే జవాబు కావాలి.


పద్యప్రియ:

మీ నాన్నగారు అన్నదాంట్లో నాకు తప్పేమీ కనపడలేదండీ. ఆ పద్యం భక్తితో చెప్పింది. ఖగోళ పాఠం చెప్పడానికి పోతన కలం పట్టలేదు. పసిపిల్లలకి ముందు పద్యం నోటికి రావాలి, అర్థం దానంతట అదే వస్తుంది. మా అమ్మమ్మ నాకు గజేంద్రమోక్షం మొత్తం ఒక్క ముక్క అర్థం చెప్పకుండా నేర్పింది. పెళ్లయి పిల్లలు పుట్టాక, ఒక కష్టకాలంలో "లావొక్కింతయు లేదు" నాకు తెలిసొచ్చింది. నేర్పేనాడే అర్థాలు విప్పి, లెక్కలు తేల్చి ఉంటే అది నాతో ఇన్నాళ్లు ఉండేది కాదేమో.

శార్దూలం నడకలో ఆ "అంతై అంతై" పడుతుంటే పిల్ల ఒళ్లు పులకరించింది, చెయ్యెత్తింది. అది చాలు. దూరాలు బళ్లో ఎలాగూ చెప్తారు.


తెలుగు మేష్టారు:

అమ్మా, నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ పద్యం ఎన్ని తరగతులకి చెప్పానో లెక్క లేదు. మీ పాప అడిగింది నన్ను ఏ విద్యార్థీ అడగలేదు.

ఆ ప్రశ్న పుట్టడానికి ఏమేం కావాలో చూడండి. ప్రభారాశి అంటే సూర్యుడని తెలియాలి. మాటలు ఏ వరసలో వచ్చాయో చెవిలో నిలబడాలి. బళ్లో విన్న సంగతి సరిగ్గా ఆ క్షణానికి గుర్తుకు రావాలి. పద్యాన్ని ఒళ్లంతా చెవి చేసుకుని వింటే తప్ప ఆ అనుమానం రాదు. తప్పా అని అడిగింది గనక, ముందు ఈ మాట దానికి చెప్పండి.

ఇక జవాబు. వామనుడు సూర్యుడి దాకా వెళ్లి కిందకి రాలేదు, పోతన తడబడనూ లేదు. భాగవతం ఐదో స్కంధంలో ఆకాశం అమరిక వస్తుంది. అక్కడ సూర్యుడికి లక్ష యోజనాల పైన చంద్రుడు. ఆ పైన నక్షత్రాలు, గ్రహాలు, సప్తర్షులు, అందరికీ పైన ధ్రువుడు. తెలుగులో ఆ స్కంధం రాసింది గంగన. వామన చరిత్ర ఉన్న ఎనిమిదో స్కంధం పోతనది. పిల్లవాణ్ణి ఆకాశంలోకి పెంచాల్సి వచ్చినప్పుడు పోతన ఆ పురాణం వేసిన నిచ్చెననే ఎక్కించాడు, ఒక్క మెట్టు అటూ ఇటూ చెయ్యలేదు. పురాణం చదివేవాళ్లు ఆకాశాన్ని ఆ వరసలో ఊహించుకున్నారు. పాపకి ఇంతవరకు చెప్తే అర్థమవుతుంది.

మీ నాన్నగారికి చెప్పాల్సింది వేరే ఉంది. "పెద్దలు చెప్పింది" అన్నారు కదా. మన పెద్దలందరూ ఆ వరసే చెప్పలేదు. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే, నక్షత్రాల కింద శని, ఆ కింద గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు, వీటన్నిటి కింద భూమి అని వరస రాసిపెట్టాడు. అంటే మనకి అందరికంటే దగ్గర చంద్రుడే. గ్రహణం గురించి ఆయన అన్న మాట ఇంకా సూటిగా ఉంటుంది: "ఛాదయతి శశీ సూర్యం, శశినం మహతీ చ భూచ్ఛాయా". సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి పెద్దనీడ కప్పుతుంది. కప్పాలంటే మధ్యకి రావాలి కదా! పోతన పదిహేనో శతాబ్దం వాడు. ఆయనకి దాదాపు వెయ్యేళ్ల ముందు నుంచీ ఈ లెక్క మన దేశంలో ఉంది. పురాణం వరస పురాణానికి, జ్యోతిషం వరస జ్యోతిషానికి రెండూ సాగాయి. కాబట్టి మీ పాప పెద్దల్ని కాదనలేదు, తెలియకుండానే ఆర్యభటుడి పక్షాన నిలబడింది. పద్యాలంటే ప్రాణం పెట్టే మనిషి ఈ మాటకి నొచ్చుకోరు, నాది పూచీ.

ఇంకొకటి. ఆ పద్యాన్ని అక్కడ ఆపకండి. వెంటనే వచ్చే మత్తేభం చదవమనండి:

రవిబింబం బుపమింపఁ బాత్ర మగు ఛత్రంబై, శిరోరత్నమై,
శ్రవణాలంకృతియై, గళాభరణమై, సౌవర్ణకేయూరమై,
ఛవిమత్కంకణమై, కటిస్థలి నుదంచద్ఘంటయై, నూపుర
ప్రవరంబై, పదపీఠమై, వటుఁడు దా బ్రహ్మాండము న్నిండుచోన్.

పాపని నిలబెట్టి, నాన్నగారు చదువుతుంటే చెయ్యి కదపమనండి. సూర్యుడు మొదట నెత్తికి పైన గొడుగు. తర్వాత తలలో రత్నం. ఆ తర్వాత చెవికి కమ్మ, మెడలో హారం, దండచేతికి కడియం, ముంజేతికి కంకణం, మొలలో గంట, కాలికి అందె. ఆఖరికి పాదం కింద పీట. పై నుంచి కింద దాకా చెయ్యి దిగుతుంది. పద్యం అయ్యాక ఒక్కటే అడగండి: "సూర్యుడు కిందకి దిగాడా?" దిగలేదు, ఉన్నచోటే ఉన్నాడు. పెరిగింది పిల్లవాడు. రైల్లో కూర్చుంటే చెట్లు వెనక్కి పోతున్నట్టు కనపడటం పాపకి తెలిసే ఉంటుంది, అక్కడికి అదే చేరుకుంటుంది.

నేను తరగతిలో ఇట్లాగే చేయించేవాణ్ణి. ప్రతిపదార్థం రాయించేది ఆ తర్వాతే. వెనక బెంచీవాడు కూడా నూపురం అంటే ఏమిటో మర్చిపోయేవాడు కాదు, వంగి కాలు పట్టుకున్నాడు గనక.

పద్యప్రియ గారూ, నోటికి రావాలన్న మీ మాట నాకూ ఇష్టమే. అడగకుండా ఉంచాలన్న దగ్గరే మీతో కలవలేను. మీ అమ్మమ్మగారు నేర్పిన గజేంద్రమోక్షంలోనే, "ఎవ్వనిచే జనించు జగము" అన్న గజరాజు, మడుగులో ప్రాణం పోతున్న వేళ "కలఁడు కలం డనెడివాఁడు గలఁడో లేఁడో" అంటాడు. ఉన్నాడు ఉన్నాడంటారే, ఉన్నాడో లేడో అని! పోతన ఆ మాటని ఒక భక్తుడి నోట పెట్టాడు, తుడిచెయ్యలేదు. అంత పెద్ద సందేహానికి చోటిచ్చిన కవి, చంద్రుడి ఎత్తు అడిగిన పిల్లని ఎందుకు కాదంటాడు?


చుక్కల మిత్రుడు:

మేష్టారు గారి జవాబు చదివి చాలా సంతోషం వేసింది. నేను టెలిస్కోపు పట్టుకుని బళ్లు తిరిగి పిల్లలకి ఆకాశం చూపిస్తుంటాను. చంద్రుడు దగ్గర అని పుస్తకం చెప్పింది కాబట్టి నమ్మమనడం కూడా, పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మమన్నట్టే. పాప తన కళ్లతో తేల్చుకునే దారి ఒకటి ఉంది. దానికి బల్బు, బత్తాయి చాలు.

రాత్రి ఒక గదిలో లైట్లన్నీ ఆపి, పాప కళ్ల ఎత్తులో ఒక్క బల్బు వెలిగించండి. బల్బు సూర్యుడు, పాప తల భూమి, బత్తాయి చంద్రుడు. బత్తాయి పాప చేతికిచ్చి, చెయ్యి చాచి బల్బు వైపు పట్టుకోమనండి, బల్బుకి సూటిగా కాకుండా కొంచెం పక్కగా. కాయ దాదాపు అంతా చీకటే, అంచు మాత్రం సన్నగా వెలుగుతుంది. అది విదియ చంద్రుడు. అలాగే చెయ్యి చాచుకుని మెల్లగా తిరగమనండి. అంచు లావెక్కి సగమవుతుంది, అష్టమి. బల్బు వీపు వెనక్కి వచ్చేసరికి కాయంతా వెలుగు, పున్నమి (తల నీడ పడకుండా చెయ్యి కొంచెం పైకెత్తాలి).

ఇప్పుడు అసలు సంగతి. బత్తాయి తాతగారికి ఇచ్చి, బల్బుకి అవతల నిలబడమనండి. పాప ఇవతలే ఉంటుంది. ఆయన కాయని పైకి, కిందకి, పక్కకి ఎటు జరిపినా పాపకి కనపడే వైపు వెలుగుతూనే ఉంటుంది. సన్నటి నెలవంక ఎంత ప్రయత్నించినా రాదు. చంద్రుడు సూర్యుడికంటే పైనే ఉండేటట్టయితే మనం నెలవంక అనేదాన్నే చూసి ఉండేవాళ్లం కాదు. అమావాస్య తర్వాత విదియ, తదియ రోజుల్లో పొద్దు గుంకాక పడమటి వైపు చూపించండి. ఆ సన్నటి గీతే సాక్ష్యం.

అంకెలు కూడా అడుగుతుంది, తప్పదు. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్లు, సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. చంద్రుడి నుంచి వెలుగు ఒక సెకను పైచిలుకులో వచ్చేస్తుంది, సూర్యుడి నుంచి రావడానికి 8 నిమిషాలు దాటుతుంది. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడొద్దని గట్టిగా చెప్పండి. గ్రహణం నాడైనా మామూలు రోజైనా అంతే.

దేవుడి పద్యం వేరు, సైన్సు వేరు అనే మాట దగ్గర నాకు గురజాడ గుర్తొస్తాడు. 1910లో హేలీ తోకచుక్క కనపడినప్పుడు ప్రపంచం నిండా భయం. మన ఊళ్లలో తోకచుక్క పొడిస్తే అరిష్టం అనే మాట ఎప్పట్నుంచో ఉంది. అదే ఏడాది ముత్యాల సరాల్లో ఆయన ఆ చుక్కని భూమికి "దూరబంధువు" అన్నాడు, దారిన పోతూ చూసిపోవడానికి వచ్చాడన్నాడు. అరిష్టం అనుకున్నదాన్ని చుట్టాన్ని చేశాడు. కొత్తగా తెలిసిన సంగతి పద్యంలోకి వస్తే పద్యం చెడిపోదు అనడానికి నాకు ఇంతకంటే మంచి రుజువు తెలియదు. పాపకి ఇది కూడా చెప్పండి: ఆ చుట్టం మళ్లీ 1986లో వచ్చి వెళ్లాడు, 2023 డిసెంబరులో సూర్యుడికి అత్యంత దూరపు మలుపు తిరిగి ఇప్పుడు ఇటే వస్తున్నాడు. 2061లో చేరతాడు. అప్పటికి పాపకి నలభై దాటుతాయి, హాయిగా చూస్తుంది.


గునుగుపూలు:

అక్కా, మాది పాలకుర్తి దిక్కు. పోతన బమ్మెర మా మండలమే. సర్కారు బళ్లె సైన్సు టీచర్ను. సాలీడు పత్తి ముచ్చట ఎవ్వరు ఎత్తుకోలే, అది నేను జెప్త.

సాలీడు కడుపుల పత్తి లేదు, చిక్కటి రసం ఉంటది. గుడ్డు తెల్లసొనల ఉండే ప్రొటీన్ అసొంటిదే. కడుపు ఎనుక కొసకు చిన్న చిన్న బుడిపెలు ఉంటయి, వాటికెళ్లి అది బయటికొస్తది. ఎనుక కాళ్లతోని గుంజుతాంటె గుంజుతాంటెనే గట్టిపడి దారమైతది. నోట్లెకెళ్లి తీస్తదని శానామంది అనుకుంటరు, అట్ల తీసేది పట్టుపురుగు. పాపకు భూతద్దం ఇచ్చి గోడమూలకు కూసుండవెట్టు, ఓపిక వడితె కనవడతది.

పత్తి ఏడికెళ్లి వచ్చిందంటె, అది తిన్న ఈగలు, దోమలే దాని పత్తి. తిన్న ప్రొటీనే దారమైతది. గుండ్రంగ గూడు అల్లే సాలీళ్లు శానావరకు పాత గూడును మళ్ల తినేసి అదే సరుకుతోని కొత్తది అల్లుతయి. ఇంకో సంగతి, దారాలన్ని అంటుకునేవి గావు. నడిమికెళ్లి అంచులకు పోయే పోగులు పొడిగ ఉంటయి, సుట్టు తిరిగే పోగులకే జిగురు. సాలీడు పొడిదాని మీద నడుస్తది. "తన గూట్ల తను ఎందుకు అంటుకోదు" అని పాప ఎట్లైనా అడుగుతది సూడు, అందుకే ముందే జెప్తున్న.

తాతకు శ్రీకాళహస్తి కథ ఎరుకే ఉంటది. శ్రీ అంటె సాలీడే గద. లింగం మీద గుడి లెక్క గూడు అల్లి, దీపం తగిలి అది కాలిపోతె, ఆ దీపాన్నే మింగవోయింది. ధూర్జటి రాసిండు. సాలీడు గురించి అడిగినా దేవుడి దగ్గరికే పోతది, దేవుడి గురించి అడిగినా సాలీడు దగ్గరికే వస్తది. తాతకు ఈ మాట జెప్పుండ్రి.

మా పిల్లలు గూడ గిట్లనే ఒకటి అడిగిండ్రు. బతుకమ్మ పాట ఉన్నది గద, "ఏమేమి పువ్వొప్పునే గౌరమ్మ, ఏమేమి కాయొప్పునే గౌరమ్మ" అని. తంగేడు పువ్వొప్పునే, తంగేడు కాయొప్పునే అని పాటల్నే జవాబు ఉంటది. ఐదో తరగతి పిల్ల ఒకతి, "టీచర్, తంగేడుకు కాయ ఉంటదా? మా అమ్మ పువ్వే తెస్తది, కాయ ఎన్నడు సూడలే" అన్నది. అన్ని పూలూ తెంపితె కాయ ఏడికెళ్లి వస్తది? చెరువుకట్ట మీద తెంపకుంట ఇడిసిపెట్టిన చెట్టు దగ్గరికి తీస్కపోయిన. కొమ్మ కొసకు పసుపు పూలు, కిందికి చపటగ కాయితం లెక్క పల్చటి కాయలు. ఎండకు పట్టుకుని సూస్తె లోపలి గింజలు ఒక్కొక్కటి ఏర్పడ్డయి. ఆ పిల్ల ఆ కాయను నోట్ పుస్తకంల అంటిచ్చుకున్నది, దాని కింద పాట రాసుకున్నది. పద్యమైనా పాటైనా అందుల ఉన్నదాన్ని ఒక్కసారి చేత వట్టనియ్యాలె అక్కా.


పల్నాటి అమ్మాయి:

అందరికీ పేరు పేరునా నమస్కారాలు. మేష్టారు గారి జవాబు నాన్నకి పైకి చదివి వినిపించాను. ఆర్యభటుడి శ్లోకం దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. కళ్లజోడు పెట్టుకుని ఫోను తీసుకుని తనే చూసుకున్నారు. గజేంద్రుడి మాట దగ్గర "నిజమే, నిజమే" అని తలూపారు. పద్యప్రియ గారూ, మీ అమ్మమ్మగారి సంగతి కూడా చదివాను. పద్యం నోటికి రావాలనే మాట ఆయనకి ఎంతో నచ్చింది, మీకు నమస్కారం చెప్పమన్నారు.

బత్తాయి పని ఆయనే మొదలుపెట్టారు. నడిమింట్లో కిటికీలు మూసి, స్టూలు మీద టేబుల్ లైటు పెట్టి, దాని మూత తీసేసి బల్బు ఒక్కటే ఉంచారు. పిల్ల చెయ్యి చాచి మెల్లగా తిరుగుతుంటే ఆయన తిథులు చెప్తూ వచ్చారు. విదియ, తదియ, చవితి... ఏకాదశి దగ్గర కాయ లావు సరిగ్గా కుదరలేదని మళ్లీ వెనక్కి తిప్పించారు! తర్వాత బత్తాయి తీసుకుని లైటుకి అవతలకి వెళ్లి నిలబడ్డారు. పిల్ల "ఇంకొంచెం పైకి తాతయ్యా, ఇంకొంచెం పక్కకి" అని గదంతా తిప్పింది. నెలవంక రాలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు నాన్న అన్నారు: "ఆ రోజు నాకు జవాబు తెలియలేదమ్మా. అందుకే ఆగమన్నాను. నువ్వు అడిగింది మంచి ప్రశ్న." నేను చెప్పమనలేదు, ఆయనకే అనాలనిపించి అన్నారు.

రవిబింబం పద్యం మా ఇంట్లో ఇప్పుడు పెద్ద ఆట అయిపోయింది. పక్కింటి పిల్లలు కూడా చేరారు. కటిస్థలి అన్నప్పుడు అందరూ నడుము పట్టుకుని గంట మోగిస్తారు. గునుగుపూలు గారూ, భూతద్దం కొన్నాం, వంటింటి కిటికీ దగ్గర సాలీడు మీద కాపలా నడుస్తోంది. "ఈగలే దాని పత్తి" అన్న మాట పిల్లకి తెగ నచ్చేసి ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్తోంది. శ్రీకాళహస్తి కథ నాన్న ధూర్జటి పద్యాలతో చెప్పారు.

కానీ కొత్త ప్రశ్న వచ్చింది. నిన్న రాత్రి నాన్న డాబా మీద సప్తర్షుల్ని చూపించారు. వశిష్ఠుడి పక్కన అరుంధతి పిల్లకి నాకంటే ముందు కనపడింది. క్రతువు, పులహుల్ని కలిపి గీత గీసి ధ్రువుణ్ణి కూడా పట్టుకున్నారు. చూస్తే ధ్రువుడు ఎదురింటి వాటర్ ట్యాంకుకి కాస్త పైన, బాగా కిందకి ఉన్నాడు. పిల్ల వెంటనే "పద్యంలో ధ్రువుడు చంద్రుడి కంటే ఎంతో పైన కదా, మరి ఇంత కిందున్నాడేం?" అంది. ఈసారి నాన్న ఆపలేదు. "మీ అమ్మ చేత ఆ నక్షత్రాలాయన్ని అడిగిద్దాం" అన్నారు. చెప్పండి మరి.


చుక్కల మిత్రుడు:

పైన ఉండటం అంటే రెండున్నాయని చెప్పండి. ఎంత దూరంలో ఉన్నాడు అనేది ఒకటి, మనకి ఎటు వైపు కనపడుతున్నాడు అనేది ఇంకొకటి. ధ్రువుడు చంద్రుడికంటే, సూర్యుడికంటే ఊహకందనంత దూరం, అందులో పద్యం మాట నిజమే. కనపడే ఎత్తు మాత్రం మనం భూమి మీద ఎక్కడ నిలబడ్డాం అన్నదాన్ని బట్టి మారుతుంది. భూమి తిరిగే ఇరుసు ఉత్తరానికి ఎటు చూపిస్తుందో దాదాపు అటే ధ్రువుడున్నాడు. ఉత్తర ధ్రువంలో నిలబడితే దాదాపు నడినెత్తిన ఉంటాడు. మనం దక్షిణానికి వచ్చేకొద్దీ దిగుతాడు. భూమధ్యరేఖ దగ్గర నేలని అంటుకుంటాడు. మన అక్షాంశం ఎన్ని డిగ్రీలో ఆయన ఎత్తు దాదాపు అన్ని డిగ్రీలు.

నరసరావుపేటలో 16 డిగ్రీలు. పాపని చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగించి, ఉత్తరాన నేల అంచు మీద ఆనించినట్టు పట్టుకోమనండి. ఒక పిడికిలి సుమారు 10 డిగ్రీలు. దాని మీద రెండో చేతి పిడికిలి పెడితే, ఆ రెండో పిడికిలి సగం దాటాక ధ్రువుడు దొరకాలి. చిన్నపిల్లల పిడికిలి చిన్నది, చెయ్యీ పొట్టిదే కాబట్టి లెక్క పెద్దగా తేడా రాదు. కన్యాకుమారిలో 8 డిగ్రీలే, ఒక్క పిడికిలి కూడా నిండదు. శ్రీనగర్‌లో 34. మీరు హైదరాబాద్ వెళ్లాక చూస్తే ఒక్క డిగ్రీ పెరుగుతుంది, ఆ తేడా పిడికిలికి అందదు. ఎప్పుడైనా ఢిల్లీ ప్రయాణం పడితే అక్కడ కొలవమనండి, 28 రావాలి, మూడు పిడికిళ్లకి కాస్త తక్కువ.